అరీఫ్ సంతకం పెట్టని బ్లాస్టింగ్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడు, చలికాలం మొదట్లో, నన్ను మస్కట్ ఆఫీసు నుంచి అల్ సువైక్ వెనక కొండల్లో ఉన్న క్రోమైట్ గనికి చీఫ్ సర్వేయర్‌గా పంపించారు. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్ళు దాటింది. నేను గీసిన మ్యాప్‌ను మరొకరు దిద్దే పనుండదని నాకు గట్టి నమ్మకం. ఒక్క గీత విషయంలో తప్ప ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా తగ్గలేదు.

గని ఉన్నది కింది ఊరి తెగవాళ్ళు తరతరాలుగా మేకలు మేపుకున్న కొండ. ఊరికి నీళ్ళు ఫలజ్ ద్వారా వస్తాయి. కొండ అడుగున ఊటబావి నుంచి భూమి లోపలే తవ్వుకొచ్చిన కాలువ అది. గాలికీ పూడికతీతకూ దాని మీద అక్కడక్కడా బావులుంటాయి. కంపెనీకీ తెగకూ కుదిరిన ఒప్పందం బీరువాలో దాచుకునే రకం కాదు. అమలు చేసేది ఊరే. ప్రతి బ్లాస్టింగ్‌కూ ముందు, రంధ్రాల్లో మందు కూరకముందే, ఫలజ్ నీళ్ళ పెత్తనం చూసే మనిషి సంతకం పెట్టాలి. ఆయన్ని అరీఫ్ అంటారు. ఆయన వద్దంటే ఆ రోజుకు పని లేదు.

అప్పటి అరీఫ్ సాలిం, డెబ్బై దాటినవారు. ఒకరోజు పేలుడు మందు లారీ పోలీసు ఎస్కార్టుతో గేటు దాకా వచ్చాక, సంతకం పెట్టనని కబురు చేశారు. కబురు తెచ్చింది మా డ్రిల్లింగ్ ఫోర్‌మన్ రాజన్న, జగిత్యాల వైపు మనిషి.

"సార్, ఆయన పొద్దుగాల్నుంచి నీడకర్ర కాడనే కూసున్నడు. నీళ్ళు సక్కగ వస్తలేవంటుండు" అన్నాడు.

ఆ ఊళ్ళో తోటల నీటి వంతులకు గడియారం లేదు. నేలలో పాతిన కర్ర నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగేంతసేపు ఒక వంతు. ఆ ఉదయం నీడ రాయి దాటినా ఆఖరి ఖర్జూరం తోటలో మడి నిండలేదట.

నాకు ఒళ్ళు మండింది. ఊటబావి దగ్గర నేను పెట్టించిన మీటరు నీళ్ళు ఏమాత్రం తగ్గలేదంటోంది. పేల్చే చోటికీ కాలువకూ మధ్య ఒప్పందంలో రాసుకున్నంత దూరం ఉందని నా మ్యాప్ అంటోంది. లారీ వెనక్కి పోతే మళ్ళీ పర్మిట్‌కు వారం పైమాటే. ఫోన్లో మేనేజరు కేకలు. మ్యాప్ చంకన పెట్టుకెళ్ళి సాలిం ముందు పరిచాను. ఆయన రెండు బావుల మధ్య నేను గీసిన గీత మీద వేలు పెట్టి, గల్ఫ్ హిందీలో నెమ్మదిగా అడిగారు.

"ఇంజనీర్, తుమ్ అందర్ గయా?"

లోపలికి నేను ఎప్పుడూ దిగలేదు. రెండు బావుల నోళ్ళు కొలిచి, మధ్యలో స్కేలు పెట్టి గీత లాగేశాను. కాలువ ఎవరు తవ్వినా తిన్నగానే తవ్వుతారు కదా అనుకున్నాను.

నడుముకు తాడు కట్టుకుని ఆయన వెనకే దిగాను. ఏటా పూడిక తీసే అలవాటుతో ఆయన చకచకా పాకిపోతుంటే నాకు ఆయాసం వచ్చింది. తవ్వినవాళ్ళు గట్టిరాయి తగిలిన చోట పక్కకు తిరిగారు, సరిగ్గా మా గని వైపు. ఆ వంపులో గోడ గచ్చు కొత్తగా చిట్లి నీళ్ళు రాళ్ళలోకి ఇంకిపోతున్నాయి. అది మా కిందటి బ్లాస్టింగ్ చేసిన పని. మీటరు ఆ చీలికకు ఎగువనుంది, దానికేం తెలుస్తుంది? ఇంకోసారి పేల్చి ఉంటే వంపు కూలి ఊరి తోటలు ఎండిపోయేవి. పైన పటారం, లోన లొటారం అన్నట్టుంది నా మ్యాప్. భయమేసింది, దానికి మించి సిగ్గేసింది.

పైకొచ్చి లారీని తిప్పి పంపించాను. తప్పు సర్వేయర్‌దేనని రిపోర్టులో రాశాను. కాస్త మెత్తగా రాయమన్నాడు మేనేజరు. రాయలేదు. గచ్చుపని ఊరివాళ్ళు తమ పద్ధతిలోనే చేసుకున్నారు, రాజన్న మనుషులు బకెట్లు మోశారు. ఆ తర్వాత సాలింతో కాలువ పొడవునా పాకి మళ్ళీ సర్వే చేశాను. బ్లాస్టింగ్ హద్దు వెనక్కి జరిగింది. మంచి ఖనిజం కొంత కొండలోనే ఉండిపోయింది.

కొలిచిన గీతను నిండుగా, ఊహించిన గీతను చుక్కలతో గీయాలని సర్వేయర్‌కు మొదటి ఏడాదే నేర్పుతారు. నాకూ నేర్పారు. ముప్పై ఏళ్ళలో ఎన్నిచోట్ల చుక్కలు కలిపేశానో నాకు తెలియదు. ఆ ఊళ్ళో అడిగే హక్కున్న మనిషి ఉన్నాడు కాబట్టి వాటిలో ఒకటి తెలిసింది.