సొంత బిడ్డ వార్త ప్రకటనా?

మా అమ్మాయి ఓ వార్తల వెబ్‌సైటులో విలేకరి. ఆమె మొదటి వార్త లింకును మా పుదుచ్చేరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అడ్మిన్ వరదరాజులు మామ దాన్ని తీసేసి, "సొంత బిడ్డ లింకు పెడితే ప్రకటనేనమ్మా" అని అందరూ వినేలా వాయిస్ పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత మా ముత్తియాల్‌పేటలో మంచినీళ్లు ఆగుతాయని అమ్మాయి రాసింది. ఈసారి లింకు పెట్టలేదు. మావాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు కదా, విషయమంతా నేనే వాయిస్‌లో చెప్పాను. అందరూ ముందే నీళ్లు పట్టుకున్నారు. "ఇది యాడ వచ్చిందమ్మా?" అని ఒకటే అడగడం. మామనే అడగమన్నాను. చివరికి మామే లింకు పెట్టారు.

"ఇప్పుడు ప్రకటన కాదా మామా?" అన్నాను.

"అడిగినోళ్లకు చూపిస్తే ప్రకటన ఏంది? రాసింది మన బిడ్డ!" అని వాయిస్ పెట్టారు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ వాయిస్ వినిపిస్తున్నాను. ప్రకటన అంటే అననీ!