మా అత్తగారి కుర్చీ, మా తోడల్లుడి జబ్బలు

ఈ ఉదయం ఏలూరులో మా జిమ్ములో కొత్తగా చేరిన ఒకాయన, ఇంచుమించు నా ఈడువాడే, పక్కకొచ్చి నిలబడి, "ఏవండీ, చేతి వెనక కండ గట్టిపడాలంటే వీటిలో ఏది మంచిదండీ?" అని అడిగాడు. అడుగుతూనే అద్దంలోకి చూశాడు. తన జబ్బని కాదు, అవతల బరువులెత్తుతున్న మనిషి జబ్బని. ఆ చూపు నాకు బాగా తెలుసు. మీకు ఎవరిమీదండీ కుళ్ళు అని అడగబోయి, మర్యాద కాదని ఊరుకుని, తాడు తగిలించిన కేబుల్ మిషను చూపించాను. ఆయన ముఖం చిన్నబోయింది. దాని ముందు నిలబడితే మనిషి ఏదో పెద్ద బరువు మోస్తున్నట్టు కనబడడు మరి. నాలుగేళ్ళ క్రితం నా ముఖమూ అక్కడే చిన్నబోయింది.

నా కుళ్ళంతా మా తోడల్లుడి మీద. దాచుకోవడం దేనికి. అతను మా ఆవిడ చెల్లెలి భర్త, కలిదిండి వైపు చేపల చెరువులు చేస్తాడు. పనివాళ్ళున్నా మేత పడవ మాత్రం తనే తోస్తాడు. పొడుగాటి వెదురు గెడని చెరువు అడుగుకి ఆనించి, ఒళ్ళంతా దానిమీదికి వంచి, మోచేతులు నిటారుగా సాగేదాకా తోస్తే పడవ నాలుగు బారలు ముందుకి జరుగుతుంది. పాతికేళ్ళపాటు అలా తోయగా తోయగా అతని చేతుల వెనక గుర్రపు లాడంలా కండ తేలింది. నేనేమో ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. బోర్డు మీద రాస్తుంటే నా చేతి కింద చర్మం సుద్దముక్కతో పాటు ఊగేదని మా ఆవిడే ఎవరితోనో చెబుతుండగా విన్నాను. అయినా అప్పట్లో నాకు పెద్ద బాధ లేదు. దెందులూరులో అత్తవారింట్లో నేను పెద్దల్లుణ్ణి. మావగారు పోయారు, కొడుకుల్లేరు, కాబట్టి ధాన్యం ఎప్పుడు ఆడించాలన్నా, ఏ డాక్టరుకి చూపించుకోవాలన్నా అత్తగారు నన్నే అడిగేవారు. చిన్నల్లుడు వస్తే చేపలు తెచ్చేవాడు, అందరూ తినేవాళ్ళం, అంతే.

అలాంటిది, ఒకరోజు ఆవిడ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనై ఇంటికొచ్చాక మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే మగమనిషి సాయం కావాల్సొచ్చింది. మొదటిసారి నేనే ముందుకెళ్ళాను. సగం లేపి, పైకీ కిందికీ కాకుండా ఆగిపోయాను. ఆవిడ భయపడి నా మెడ గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు మా తోడల్లుడు వచ్చి, గడ్డిమోపు దించినంత సులువుగా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, కూతుళ్ళ వైపు తిరిగి, "చిన్నల్లుడుగారు పట్టుకుంటే నాకు భయం వెయ్యదమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నెల తిరిగేసరికి ధాన్యం సంగతి కూడా అతన్నే అడగడం మొదలుపెట్టారు. మనిషిని ఎత్తగలిగినవాడికి మిల్లుల సంగతి ఎక్కువ తెలుస్తుందని ఆవిడ ఎలా తేల్చుకున్నారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నన్ను వదిలి ధాన్యం సంగతి అతన్ని అడిగారని తెలిసిన మర్నాడే జిమ్ములో చేరాను. అక్కడి కోచ్‌ది అత్తిలి. చిన్నా పెద్దా అందరినీ అండీ అనే పిలుస్తాడు. జబ్బ లావులో ముందువైపు కండకంటే వెనకవైపు కండదే ఎక్కువ వంతనీ, మోచెయ్యి చాచి దేన్నైనా తోసే పని దానిదేననీ చెప్పి, నన్ను కేబుల్ తాడు ముందు నిలబెట్టాడు. మోచేతులు డొక్కలకి ఆనించి కదలకుండా ఉంచాలి, ముంజేతులు మాత్రమే కిందికి దిగాలి, తేలిక బరువు, పదిహేనుసార్లు. తర్వాత గోడకి రెండు చేతులూ దగ్గరదగ్గరగా పెట్టి వంగి లేవాలి. "నెల్రోజులు ఇవేనండీ. కండ నొప్పెడితే పర్లేదు, కీలు నొప్పెడితే మాత్రం ఆపెయ్యండీ" అన్నాడు. పదిరోజులు బుద్ధిగా చేశాను. పదకొండోరోజు ఆ తాడు చూస్తే సిగ్గేసింది. ఆడపిల్లలు కూడా నాకంటే ఎక్కువ బరువు లాగుతున్నారు. అందుకని కోచ్ లేని వేళ చూసి, బల్లమీద వెల్లకిలా పడుకుని ఇనప కడ్డీని నుదుటిదాకా దించి లేపే వ్యాయామం పట్టుకున్నాను. ఇంకోటి, వెనక బల్లకి చేతులు ఆనించి, ఒళ్ళో బరువు బిళ్ళ పెట్టుకుని, కిందికి దిగి లేవడం. మొదటిది మోచేతిని నలిపేస్తుందనీ, రెండోది ఈ వయసులో భుజాన్ని మెలిపెడుతుందనీ అతను ముందే చెప్పాడు. కానీ ఆ రెండోది చేసేటప్పుడు అద్దంలో నేను అచ్చం గెడ తోస్తున్నవాడిలా కనబడ్డాను. మీట సూత్రం, అదే లీవరు పాఠం, వందలమందికి చెప్పినవాణ్ణి, నా మోచేతి దగ్గరికొచ్చేసరికి దాన్ని మరిచిపోయాను. మా ఆవిడ కుట్టుమిషను టేపుతో వారానికోసారి జబ్బ కొలుచుకునేవాణ్ణి. మోచెయ్యి సలిపితే కండ పెరుగుతోందనుకుని మురిసిపోయాను.

నాలుగు నెలలు అత్తగారు చర్చికి వెళ్ళలేదు. ప్రభు భోజనం, అంటే ఆ రొట్టే ద్రాక్షరసమూ, ఇంటికి తెచ్చి ఇస్తామని పాస్టరుగారు కబురు చేసినా ఒప్పుకోలేదు, చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి తనే వస్తానన్నారు. ఒక ఆదివారం అందరం కలిసి తీసుకెళ్ళాం. చర్చికి అయిదు మెట్లు. కుర్చీతో సహా ఎక్కించాలి. పైవైపు ఒకరు, బరువంతా పడే కిందివైపు ఒకరు పట్టుకోవాలి. "అన్నయ్యగారూ, కిందవైపు నాకొదిలెయ్యండి" అన్నాడు మా తోడల్లుడు, మెల్లిగా, మర్యాదగానే. ఆ మర్యాదే నన్ను కాల్చింది. కిందివైపే పట్టుకున్నాను. మూడో మెట్టు మీద మోచేతిలో చురుక్కుమంది, చెయ్యి ముడుచుకుపోయింది, కుర్చీ ఒరిగింది. అత్తగారు అరవలేదు, నా చొక్కా గుప్పెట్లో పట్టుకున్నారు. అతను మెట్టుమీదే చతికిలబడి, కుర్చీని గుండెకి లాక్కుని, చుట్టూ ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చేదాకా అలాగే ఆపాడు. అతికిన ఎముక మళ్ళీ విరిగితే ఆ వయసులో ఆవిడ లేచేవారు కాదు. నా మూలాన అంతపనీ జరగబోయింది. ఆవిడ క్షేమంగా ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన ఆ క్షణంలో, కాపాడింది కూడా ఇతనేనా అని కుళ్ళిపోయాను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

మోచేతి దగ్గర నరం దెబ్బతిందనీ, ఆరువారాలు ఏమీ ఎత్తకూడదనీ డాక్టరు చెప్పాడు. అత్తగారికి కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కొన్నాళ్ళకి నా చెయ్యి కూడా చూసింది. అప్పటినుంచి వరండాలో మా ఇద్దరికీ రెండు కుర్చీలు, ఒకటే పాఠం. కుర్చీ చేతులమీద అరచేతులు ఆనించి, మోచేతులు మెల్లిగా చాస్తూ ఒళ్ళు అంగుళం పైకి లేపి, మెల్లిగా దించాలి. తీరా చూస్తే అదీ చేతి వెనక కండ పనే. మూడోవారానికి ఆవిడ పదిహేను చేస్తుంటే నేను తొమ్మిది దగ్గర ఆగిపోయేవాణ్ణి.

ఒకరోజు అలా ఆగిపోయి, ఉండబట్టలేక నిజం చెప్పేశాను. ఆ రోజు కుర్చీ పట్టింది మీమీద ప్రేమతో కాదండీ, చిన్నల్లుడి మీద కుళ్ళుతో అన్నాను. ఆవిడ ముందు తన పదిహేనూ పూర్తిచేశారు.

"తెలుసండి అల్లుడుగారూ" అన్నారు తర్వాత. "నాకు మాత్రం మీ ఇద్దరిమీదా కుళ్ళేనండి. ఎవరూ పట్టుకోకుండా లేస్తారు కదా."

ఆవిడని ఎవరు ఎత్తాలని మేమిద్దరం, నిజానికి నేనొక్కణ్ణే, పోటీలు పడుతుంటే, అసలు ఎత్తించుకోవడం ఆవిడకి ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత మూడో ఆదివారం చర్చి గంట వినబడగానే నేనూ మా తోడల్లుడూ అలవాటుగా ఆవిడ కుర్చీకి చెరో పక్కా వంగి చేతులు చాచాం. ఆవిడ మా చేతులు రెండూ మెల్లిగా పక్కకి జరిపారు. అరచేతులు ఆనించారు. మోచేతులు వణికాయి, వణుకుతూనే నిటారయ్యాయి, ఆవిడ లేచి నిలబడ్డారు. వాకరు పట్టుకుని వాకిలి వైపు నడిచిపోతుంటే మేమిద్దరం ఖాళీ కుర్చీకి అటూ ఇటూ చేతులు చాచుకునే ఉండిపోయాం. ఆవిడ పోయి ఇప్పటికి రెండేళ్ళు. పరాయివాళ్ళ జబ్బలమీద ఆశ పోయి, తన కుర్చీలోంచి తను లేస్తే చాలనిపించే వయసు ఒకటి అందరికీ వస్తుంది. నాకింకా పూర్తిగా రాలేదు గానీ, ఎంతో దూరంలో కూడా లేదు.