నియామకపత్రం లేని పంతులుగారు

నా నోటికి తాళం లేదని మా అమ్మ అంటూనే ఉండేది. ఆ మాట ఎంత నిజమో నాకు డబ్లిన్ శివారు లూకన్‌లో, ఒక పెళ్లి పీటల దగ్గర తెలిసింది.

లాక్‌డౌన్ రెండో ఏడాది అది. నేను డబ్లిన్‌లో లా పీజీ చదువుతున్నాను. లైబ్రరీ మూసేశారు. అక్కడివాళ్లు స్కాన్ చేసి పంపిన ఒక పాత కేసు ఫైలే నా లోకమైపోయింది. బ్రిటిష్ ఏలుబడిలోని ఒక చిన్న ద్వీపంలో జడ్జి జబ్బుచేసి వెళ్లిపోతే, గవర్నరు ఇంకొకాయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. లండన్ నుంచి నియామకపత్రం రావాలి. అది ఓడలో వస్తోందన్న ధైర్యంతో ఆయన నెలల తరబడి తీర్పులు చెప్పేశాడు. తీరా ఓడ వచ్చాక చూస్తే అందులో పత్రం లేదు. అప్పుడు ఆయన జైలుకు పంపిన ఒకడు పిటిషన్ పెట్టాడు: ఈయన జడ్జే కానప్పుడు నేను ఖైదీని ఎలా అవుతాను? అబ్బ, ఏం అడిగావయ్యా అనుకున్నాను. గిన్నెలు తోముతున్నా అదే ధ్యాస. బస్సు డ్రైవరును చూసినా, ఈయన్ని ఎవరు నియమించి ఉంటారా అనిపించేది.

ఆ వసంతంలో నాతో ఇల్లు పంచుకుంటున్న అమ్మాయికి పెళ్లి కుదిరింది. అబ్బాయిది నగరానికి అవతలి కొసనున్న స్వోర్డ్స్, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. పెద్దవాళ్లు ఎవరూ ఇండియా నుంచి రాలేని రోజులు. రిజిస్ట్రేషన్ ముందే అయిపోయింది గానీ, గుంటూరులో ఉన్న అమ్మాయి తల్లి దృష్టిలో అది ఉత్త సంతకాల వ్యవహారం. పెళ్లంటే మంత్రాలు, జీలకర్ర బెల్లం, తాళి.

మంత్రాలకు మా వీధి చివరి అంకుల్ ఉన్నారు. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. కాగితాలు సరిగా లేకపోతే ఏ మెషిన్నీ నడవనివ్వరని పేరు. వినాయక చవితికి ఆయన గొంతెత్తి చదివితే, కమ్యూనిటీ హాలు తాళాలు చూసే ఐరిష్ పెద్దాయన కూడా నిలబడి వినేవాడు. ఆ చుట్టుపక్కల వ్రతాలు, గృహప్రవేశాలు అన్నీ ఆయనవే. ఇంతకీ ఆయన పంతులేనా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పట్టుపంచె ఉంది, గొంతు ఉంది, ఇంకేం కావాలి మాకు?

మా ముందుగదిలోనే పెళ్లి జరిగింది. అతిథులు ఆరుగురికి మించకూడదు. అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు. దాని మీద ఫోన్ ఆనించి పెడితే గుంటూరు నుంచి తల్లి అంతా చూసింది, ఫోన్ ముందే అక్షింతలు చల్లింది. తలంబ్రాలయ్యాక పులిహోర తింటుంటే నా నోరు ఊరుకుందా?

"అంకుల్, ఇదంతా మీకెవరు నేర్పారు? మీది పురోహితుల ఇల్లా?"

"లేదు బిడ్డా, మాది ఎవుసం జేసుకునే ఇల్లు. ఈడికొచ్చిన కొత్తల చవితికి పంతులు దొరకలే. పుస్తకముంటే నేనే సదివిన. మంచిగున్నదన్నరు. ఇగ గట్లనే నడుస్తున్నది."

దాపరికం లేకుండా, నవ్వుతూ చెప్పారు. ఫోన్ ఇంకా ఎవరూ కట్ చేయలేదు.

"ఏంటీ? ఆయన పంతులే కాదా!" ప్రెస్ మీద నుంచి కేక. "అయితే పెళ్లి కానట్టే. విమానాలు తిరిగాక ఇక్కడికొచ్చి మళ్లీ చేసుకోండి. ఈలోగా ఆ అబ్బాయి ఇంట్లో అడుగుపెట్టావో, నాతో మాట్లాడకు!"

అమ్మాయి గుమ్మం వైపు చూసింది. సూట్‌కేసు అక్కడ సిద్ధంగా ఉంది. ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, ఆపి అడిగే రోజులు. పెళ్లని చెప్పి ఇవాళ మొగుడితో వెళ్లకపోతే మళ్లీ ఎప్పటికో.

"లా చదువుతున్నావుగా, నువ్వైనా చెప్పవే," అంది నాతో, ఏడుపు ఆపుకుంటూ.

చెప్పడానికి నేను ఆ ఫైలు చివరిదాకా చదివితేగా! స్కాన్ మసగ్గా ఉందని చివరి పేజీలు వదిలేశాను. మేడ మీదికి పరుగెత్తి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, కిందికొచ్చి అందరికీ చెప్పాను. నియామకం చెల్లదన్నారు లండన్ పెద్దలు. తీర్పులు మాత్రం చెల్లుతాయన్నారు. జడ్జే అని నమ్మి వచ్చినవాళ్లకు ఆయన లోటు అంటకూడదట. పాపం, ఖైదీ మాత్రం జైల్లోనే ఉండిపోయాడు.

"నా కూతురి పెళ్లి గురించి చెప్పడానికి లండన్ వాళ్లెవరమ్మా?" అంది తల్లి.

"అమ్మా, ఆయన్ని నమ్మే నేను పీటల మీద కూర్చున్నాను. నమ్మే నువ్వు అక్షింతలు వేశావు. నా పెళ్లైపోయింది," అని అమ్మాయి సూట్‌కేసు అందుకుంది. తల్లి ఫోన్ పెట్టేసింది.

అంకుల్ కండువా మడతపెడుతూ మెల్లగా అడిగారు. "బిడ్డా, మరి ఆ జడ్జి ఏమైండు?"

అన్నాళ్లూ నేను ఖైదీ గురించే ఆలోచించాను. ఫైల్లో తీర్పు తర్వాత జడ్జి ఊసే లేదు. అదే చెప్పాను. ఆయన పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయారు.

ఆ ఏడాది చవితికి ఎవరో ఫోన్లో రికార్డింగ్ పెట్టారు. అంకుల్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు, అలాగని రమ్మనీ పిలవలేదు. ఆయన వెనకాల నిలబడి ప్రసాదం పంచారు. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడిగితే, "తప్పేముంది? మా ప్లాంట్ల నేనూ గదే అడుగుత," అన్నారు. తిట్టినా బాగుండేది.

మరుసటేడు ఆంక్షలు ఎత్తేశాక అమ్మాయికి పాప పుట్టింది. కూతురు కడుపుతో ఉందని తెలిశాక మాటలు కలిపిన తల్లి పురిటికి వచ్చింది. స్వోర్డ్స్‌లో బారసాలకు అంకుల్ మామూలు ప్యాంటు, చొక్కాలో వచ్చి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నారు. సిటీవెస్ట్‌లో ఒక పంతులుగారున్నారట, పిలవమంటారా అని అల్లుడు అత్తగారిని అడిగాడు.

ఆవిడ పళ్లెంలో బియ్యం పోస్తూ తలైనా ఎత్తలేదు. "నా కూతురి పెళ్లి చేసినాయన ఇక్కడ కూర్చునుంటే ఇంకో పంతులెందుకు బాబూ? పంతులుగారూ, లేవండి, పాప పేరు రాయించండి."

అంకుల్ లేచారు. కానీ కదల్లేదు. ముందు నా వైపు చూశారు.

నేను వెళ్లి ఆయనకు పీట వేశాను.