ఇమానం బస్సును నమ్మని గాబ్రియేలు

గాబ్రియేలు దేన్నీ వెంటనే నమ్మే మనిషి కాదు. ఆదివారం గుడిలో పాస్టరుగారు పరలోకంలో బంగారు వీధులున్నాయని చెబుతుంటే, "వానొస్తే టైర్లు జారతాయి గదా" అని పక్క వరసలో ఉన్న భార్య జీవమ్మకు వినబడేటట్టు గొణిగేవాడు. యుద్ధంలో బర్మా సరిహద్దున మిలిటరీ లారీ తోలి వచ్చాడు. భయం లేదని ఎవరు ఎంత గట్టిగా చెబితే వాళ్లకు అంత దూరంగా నిలబడాలన్నది అక్కడ నేర్చుకున్న విద్య. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని ఊరంతా మామిడాకులు కట్టిన రోజున, అతను ఆఫీసుల కోసం వేసిన గుడారాల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "గుంజలు లోతుగా పాతలేదు" అన్నాడు. పండగ పూట ఆ మాటేమిటని జీవమ్మ కసురుకుంది.

యుద్ధం నుంచి అతను తెచ్చుకున్న ఇంకొక ఆస్తి ఎడమచెయ్యి. అందులో రెండు వేళ్లు వంగవు. ఆ చేత్తో గేరు మారుస్తానంటే బస్సు యజమానులు నవ్వి పంపేశారు. ఆళ్లగడ్డ దగ్గరి ఒక పెద్దరెడ్డి మాత్రం ఒక ట్రిప్పు తోలించి చూసి, తన కర్నూలు–కడప బస్సు అప్పగించాడు. అప్పట్నుంచి ఆ బస్సు, గాబ్రియేలు ఒకరికొకరు అలవాటుపడిపోయారు. దాని మూడో గేరు ఎక్కడ మొరాయిస్తుందో అతనికి తెలుసు. అతని వేళ్లు ఎక్కడ మొరాయిస్తాయో దానికి తెలుసు.

ఆ బస్సు చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగేది. బెంచీల మీద మనుషులు, బెంచీల కింద కోళ్లు, టాపు మీద వేరుశనగ మూటలు. టికెట్టు అందరికీ ఒకటే. డ్రైవరు పక్కనుండే ముందు సీటు మాత్రం టికెట్టుతో దొరికేది కాదు. అందులో ఆసాములు కూచునేవాళ్లు. నంద్యాలలో ఒక ఆసామి కూచున్నాక ఆళ్లగడ్డలో అంతకంటే ఎక్కువ పొలమున్న ఆసామి ఎక్కితే, మొదటాయన ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెనక్కి వెళ్లేవాడు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనేవాళ్లు కాదు. జీవమ్మ ఆళ్లగడ్డలోని పుట్టింటికి పోయేటప్పుడు వెనక చక్రం మీది ఆఖరి బెంచీలో కూచునేది. అక్కడ కూచోమని ఆమెకూ ఎవరూ చెప్పలేదు. గాబ్రియేలు ముందు కూచున్నాడంటే స్టీరింగు అక్కడ ఉండబట్టి.

పెద్దరెడ్డి పోయాక బస్సు కొడుకు ఓబుళరెడ్డి చేతికొచ్చింది. ఓబుళరెడ్డి మదరాసులో లా చదివి, సగంలో మానేసి, తక్కిన సగం తెలివితేటలు అలాగే ఉంచుకున్నవాడు. బంధువు ఒకాయన వెంట ఢిల్లీకి విమానంలో పోయొచ్చిన వారానికి గాబ్రియేలును పిలిపించాడు.

"కర్నూలు నుంచి మదరాసుకు బస్సు ఏస్తాండాం గాబ్రియేలూ. కడపలో తప్ప యాడా నిలబడదు. లోపలంతా ఇమానం లెక్కన ఉంటాది. చార్జీ మామూలుకు మూడింతలు."

"యాడా నిలబడకుంటే ఎవరెక్కుతారు రెడ్డీ?"

"ఆఫీసర్లు. ఎమ్మెల్యేలు. వాళ్ల పెండ్లాం బిడ్డలు సగంమంది ఇంకా మదరాసులోనే ఉండారు. రైల్లో పోవాలంటే డోన్‌లో దిగల్ల, దోమలకు రక్తం పొయ్యల్ల, ఇంకో రైలెక్కల్ల. ఆసాములు ఉండనే ఉండారు. శనక్కాయ ఈ యేడు బాగా పలికింది. మెత్తటి సీటంటే ఎగబడతారు."

"గుడారాలు పీకేస్తే?"

"ఎవరు పీకేది?"

"ఏసినోళ్లే."

ఓబుళరెడ్డి నవ్వాడు. నవ్వుతూనే, రెండు బండ్లను సాకడం కుదరదనీ, పాత బస్సును ఇనుప కొట్టుకు అమ్మేస్తాననీ చెప్పాడు. గాబ్రియేలుకు నవ్వు రాలేదు. కొత్త బస్సు మునిగితే రెడ్డికి పొలం ఉంది. తనకు? పాత బస్సు పోయాక, వంగని వేళ్లతో ఏ షెడ్డు ముందు నిలబడాలి?

వాగుల సంగతి చెప్పాడు. నంద్యాల పక్క నల్లరేగడి బురద, బాలుపల్లి అడవిలో మలుపులు, టైర్లు, అన్నీ చెప్పాడు. రెడ్డి అన్నిటికీ తలూపి, దేన్నీ వినలేదు. ఆఖరికి గాబ్రియేలు, "పాతదాన్ని ఉగాది దాకా షెడ్లో పెట్టు రెడ్డీ. అదేం మేత అడగదు గదా" అన్నాడు.

"సరేలేప్పా. ఉగాదికి కొత్తది సగమన్నా నిండకుంటే పాతదే తోలుకుందువు. నిండిందనుకో, ఆ పొద్దే పాతది కొట్టుకు పోతాది."

దసరా వెళ్లాక కొత్త బస్సు వచ్చింది. చూడటానికి కర్నూలు సగం కదిలింది. కిటికీలకు ఆకుపచ్చ తెరలు. వెనక్కి వాలే తోలు సీట్లు. మిలిటరీవాళ్లు వేలం వేసిన విమానాల్లోంచి తెచ్చినవి. గాబ్రియేలు వాటిని చూసీ చూడగానే గుర్తుపట్టాడు. "వీటిల్లో కూచున్నోళ్లంతా కక్కుకున్నోళ్లే" అని కండక్టరు ఈరప్పతో అన్నాడు. ఈరప్పకు ఆ ముచ్చట వినే తీరిక లేదు. రెడ్డి కొత్తగా తొడిగించిన తెల్లకోటు భుజాల దగ్గర పట్టేస్తోంది, చేతిలో పళ్లెం పెట్టారు. పళ్లెంలో పిప్పరమెంట్లు, చిన్న చిన్న దూది ఉండలు.

"దూదెందుకు రెడ్డీ?" అని ఈరప్ప అడిగాడు.

"చెవుల్లో పెట్టుకునేదానికి. ఇమానంలో ఇస్తారు."

"మనం ఎగురుతామా?"

"ఇయ్యమన్నెప్పుడు ఇయ్యల్ల. ఇంకో మాట. సీట్లకు నంబర్లుండాయి. ఎవురి నంబర్లో వాళ్లు. పెద్దోడు చిన్నోడు అనేది ఈడ లేదు. నంబరు ఒకటే."

ఓబుళరెడ్డి సంఘ సంస్కర్త ఏమీ కాదు. ఢిల్లీకి పోయిన విమానంలో నంబర్లు ఉండినాయి, అంతే.

బస్సు మొదలైంది. గాబ్రియేలు చెప్పిన జోస్యాలు ఒక్కొక్కటే అబద్ధమవుతూ వచ్చాయి. చాగలమర్రి దగ్గర వాగు పొంగితే బస్సు నీళ్లు చిమ్ముకుంటూ దాటింది. రేగడి బురదలో ఎద్దుబండ్లు కూరుకుపోతే ఇది పక్కనుంచి గంభీరంగా వెళ్లిపోయింది. బాలుపల్లి మలుపుల్లో ఎవరి కడుపూ తిరగలేదు. కొత్త గేరు అతని వేళ్లకు కూడా లొంగింది. ఇన్నిసార్లు తప్పని తేలాక మనిషి సంతోషించాలి. గాబ్రియేలు చిరాకుపడ్డాడు.

నిండకపోవడం మాత్రం నిజం. జనం వచ్చేవాళ్లు, సీటును చేత్తో నొక్కి చూసేవాళ్లు, బాగుందనేవాళ్లు, వెనక నిలబడ్డ మామూలు బస్సెక్కి పోయేవాళ్లు. ఆఫీసర్లు సర్కారు జీపుల్లో పోయారు. ఎమ్మెల్యేలు ఒకసారి ఎక్కి, చార్జీ అడిగినందుకు నొచ్చుకున్నారు. శనక్కాయ సొమ్మున్న ఆసాములైనా రెండోసారి రాలేదు. ఎందుకు రాలేదో గాబ్రియేలుకు అంతుపట్టలేదు. రోడ్డు గురించి అడిగితే చెప్పగలడు గానీ ఇది రోడ్డు సంగతి కాదు.

శివరాత్రి దగ్గర పడుతుండగా ఓబుళరెడ్డి ఒక ఎత్తు వేశాడు. "ఖాళీ బస్సును చూసి ఎవురూ ఎక్కరు. బయటికి కనబడే సీట్లల్లో మనోళ్లను కూచోబెడదాం. మీ ఆడమనిషి మదరాసుకు పోవల్లంటాండె గదా, పిల్చుకరా."

జీవమ్మ చెల్లెలు కృపమణి మదరాసులో ఒక ఆసుపత్రిలో ఆయా. చూసి నాలుగేళ్లయింది. జీవమ్మ గుడికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది, అలవాటుగా వెనక్కి నడవబోయింది. ఓబుళరెడ్డి ఆమెను ఆపి, ముందు కిటికీ పక్కన ఒకటో నంబరులో కూచోబెట్టాడు. వీధిలోంచి చూస్తే మొదట కనబడే సీటు అదే మరి. ఈరప్ప పళ్లెం చాపాడు. ఆమె పిప్పరమెంటు చెల్లెలి కోసం కొంగున కట్టుకుంది. దూది ఏం చెయ్యాలో అడిగి తెలుసుకుని రెండు చెవుల్లోనూ పెట్టుకుంది.

బయలుదేరే ముందు తిమ్మయ్య ఎక్కాడు. దువ్వూరు మోతుబరి ఆసామి. కడప కోర్టులో ఆయన వ్యాజ్యం ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది, దాని కోసం వకీలును చూడటానికి కర్నూలు వచ్చిపోతుంటాడు. పాత బస్సు ముందు సీట్లోంచి ఆయన్ను లేపగలిగిన మనిషి ఆ దారి పొడుగునా లేడు. ఎక్కగానే కండువా సర్దుకుని నేరుగా ముందుకు వచ్చాడు. జీవమ్మను చూసి ఆగాడు.

"మీది ఏడో నంబరు, తిమ్మయ్యా" అన్నాడు ఈరప్ప.

"నేను నంబరడగలేదప్పా. సీటు యాడ అంటాండా."

"అదే సీటు. వాల్చుకోవచ్చు. పిప్పరమెంటు తీసుకోండి."

తిమ్మయ్య పిప్పరమెంటు తీసుకోలేదు. ఏడో నంబరులో కూచున్నాడు. ముందుకు వంగి, "ఆ యమ్మ ఎవురు?" అని గాబ్రియేలును అడిగాడు.

గాబ్రియేలు అద్దంలోకి చూడలేదు. "ఒకటో నంబరయ్యా" అన్నాడు, గేరు వేశాడు.

బస్సు దువ్వూరు నడివీధిలోంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. తిమ్మయ్య తెర పక్కకు లాగి బయటికి చూశాడు. టీ అంగడి ముందు పదిమంది నిలబడి ఉన్నారు. అందరూ బస్సును చూశారు. ఆయన్ను ఎవరూ చూడలేదు. చెయ్యి సగం ఎత్తి దించుకున్నాడు.

కడపలో దిగి, రేడియేటరులో నీళ్లు పోస్తున్న గాబ్రియేలు దగ్గరికి వచ్చాడు.

"బస్సు బాగుండాది. నడుము నొప్పి లేదు."

"మళ్లా రండయ్యా."

"ఎందుకు? మా ఊరి నడీదిలో పోతి. నేను పోతాండానని మా ఊర్లో ఒక్కడికి తెలిసిందా? కోర్టుకు నేనొస్తాండానంటే దారంతా తెలియల్ల. అవతలి పార్టీకి ముందుగాల తెలియల్ల. తెరలేసి దాచిపెట్టి పిల్చుకపోయేదానికి నేనేమన్నా కొత్త పెండ్లికూతురినా?" అద్దం వెనక జీవమ్మను చూశాడు. "అందరికీ మెత్త ఏస్తిరి. సరే. మరి నాకేమేస్తిరి?" అని, జవాబు కోసం చూడకుండా కోర్టు దారి పట్టాడు.

గాబ్రియేలు చేతిలో నీళ్ల డబ్బా అట్లాగే ఉంది. ఇన్ని నెలలుగా తెలియనిది తెలిసిపోయింది. ఆసాములు మెత్తదనానికి డబ్బు పెట్టరు. తమ వెనక గట్టి బెంచీలుండాలి, వాటి మీద మనుషులుండాలి, దారిలో ఆగినచోటల్లా జనం చూడాలి. ఈ బస్సులో ముందే గానీ వెనక లేదు.

మదరాసులో దిగేటప్పుడు జీవమ్మ చెవుల్లో దూది తీసి పిప్పరమెంటుతో పాటు కొంగున ముడివేసుకుంది. "దారి పొడుగునా ఎవురి కాలూ నాకు తగల్లేదు" అంది. ఆ తర్వాత, "నన్ను ఒకటో నంబరంటివే" అంది.

"దూది పెట్టుకుంటివి గదా, ఎట్ల ఇనబడె?"

"ఇనాలనుకుంటే ఇనబడతాది. అదేం నా పేరా? అయినా బాగానే ఉండాదిలే. మళ్లా ఎప్పుడు కూచోబెడతారు?"

గాబ్రియేలు చూద్దామన్నాడు.

వారం తిరక్కుండానే ఓబుళరెడ్డి షెడ్డు దగ్గర అతన్ని నిలబెట్టి అడిగాడు. "వాగు దాటినాం, బురద దాటినాం. ఎందుకు ఎక్కరప్పా వీళ్లు? నీకేమన్నా తెలుసునా?"

తెలియదనొచ్చు. అట్లా అంటే రెడ్డి మొండిగా ఇంకో యేడాది ఖాళీ సీట్లు నింపుకుంటూ పోతాడు, జీవమ్మ ఒకటో నంబరులో ఇంకో నాలుగుసార్లు మదరాసు పోతుంది. ఆ మొండితనంలో పాత బస్సును అమ్మినా అమ్ముతాడు. ఆ తర్వాత ఈ కొత్తదీ పోతుంది. గాబ్రియేలు షెడ్డు లోపలికి చూశాడు. పాత బస్సు మూతి మీద కోడి ఒకటి పడుకుని ఉంది.

"ముందు సీటు యాడుందో జనానికి తెలియల్ల రెడ్డీ" అన్నాడు. "ఎనకాల బెంచీలుంటేనే అది ముందు సీటు. పాత బండి ముందర ఈ ఇమానం సీట్లు రెండు బిగించు. తెరలొద్దు. చెయ్యెత్తినకాడల్లా నిలబెడదాం. ఆ రెండిటికి మూడింతలు కాదు, ఇంకా ఎక్కువే ఇస్తారు."

ఓబుళరెడ్డి పోయి పాత బస్సు మూతి మీది కోడిని అదిలించాడు. "దసరాకే చెప్పింటే ఏం పోయింది?"

"దసరాకు నాకు మాత్రం యాడ తెలుసు? నేను వాగు గురించి ఆలోచిస్తాంటి."

ఉగాదికి కొత్త బస్సును మదరాసు కంపెనీ ఒకటి కొనుక్కుపోయింది. గుడారాలు పీకి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది ఆ మరుసటి యేడు. గాబ్రియేలు జోస్యాల్లో నిజమైంది అదొక్కటే. అప్పటికి దాంతో బస్సుకు నిమిత్తం లేకపోయింది.

పాత బస్సు మళ్లీ రోడ్డెక్కిన రోజు జీవమ్మ పుట్టింటికి బయలుదేరింది. ఇమానం బస్సు ఆళ్లగడ్డలో ఆగేది కాదు, మొగుడు తోలని బస్సుకు డబ్బు పెట్టడం ఎందుకని దసరా నుంచి తల్లిని చూడలేదు. గాబ్రియేలు స్టార్టరు కడ్డీ తిప్పడానికి వంగినప్పుడు ఆమె పక్కన నిలబడింది.

"నువ్వే చెప్పినావంట గదా రెడ్డికి."

"బండి పోతే మనం యాడికి పోతాం?"

"నేనేమన్నా అంటినా?"

ముందు రెండు తోలు సీట్లలో ఒకదాన్లో తిమ్మయ్య ముందురోజే చెప్పి పెట్టుకుని కూచున్నాడు. దువ్వూరు ఇంకా చాలా దూరంలో ఉండగానే కండువా సర్దుకుంటున్నాడు. జీవమ్మ వెనక మెట్టెక్కింది, కోళ్లను దాటుకుంటూ పోయి చక్రం మీది ఆఖరి బెంచీలో కూచుంది. ఇంజను రగిలి, తలుపులూ అద్దాలూ బెంచీలూ కలిసి ఒక్కసారిగా మోత పెట్టాయి. గాబ్రియేలు అద్దంలో చూశాడు. జీవమ్మ కొంగు ముడి విప్పి, మదరాసు నుంచి దాచుకొచ్చిన దూది తీసి, ఒక్కొక్క చెవిలో నిదానంగా పెట్టుకుంటోంది.