తువ్వాలు పరిచిన కుర్చీ

రెబెకాకి కుదురు లేదు. ఉన్నచోట ఉండదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచదు. బందరు కోర్టులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి, ఫైళ్ళ దగ్గర ఎంత నింపాదో ఇంటి సామాను దగ్గర అంత కంగారు. చిలకలపూడి వైపు కొత్తిల్లు కట్టుకున్నాక ఆ కంగారు మరీ ముదిరింది. రంగులు వేయడం అయిపోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయి. అయినా సరే, సామాను కుదిరితే తప్ప గృహప్రతిష్ఠ ప్రార్థన కూడిక పెట్టేది లేదని భీష్మించుకుని కూర్చుంది. కూర్చుంది అనడం కూడా తప్పే, ఆవిడ ఎక్కడైనా కాసేపు కూర్చుంటే కదా.

మొదట కొత్తవి చూసింది. షోరూములో బూడిదరంగు సోఫా ఒకటి కూతురు నిస్సీకి తెగ నచ్చింది. తెచ్చి హాల్లో వేశారు. వారం తిరక్కుండానే, "డాక్టరు గారి కోసం కాచుక్కూర్చున్నట్టుందే" అని తిప్పి పంపేసింది రెబెకా. తర్వాత పాతవాటి మీద పడింది. అద్దం మసకబారిన డ్రెస్సింగు టేబులు వచ్చింది. అందులోంచి ఎవరో ముసలమ్మ తననే చూస్తోందని అదీ వెళ్ళిపోయింది. తెచ్చేటప్పుడూ పంపేటప్పుడూ మోసింది మాత్రం ఆవిడ భర్త హనోకే పాపం. చివరికి కొన్ని నిలిచాయి. భోజనాల బల్ల కొత్తది, వేడి గిన్నె దించినా మరక పడనిది. చనిపోయిన అమ్మ వాడుకున్న రేకు పెట్టెకి రంగు వేయించి టీపాయి చేసింది. అది చూసినవాళ్ళంతా బాగుందన్నారు, ఆవిడకీ బాగానే అనిపించింది.

కిటికీ పక్కన జాగా మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆఫీసు నించి నేరుగా కొత్తింటికి రావడం, చెప్పులు విప్పకుండానే ఆ ఖాళీ వంక చూడడం, మళ్ళీ ఏదో ఒకటి జరపడం. అక్కడ ఏం పెట్టాలో తెలియక కాదు. తెలుసు, అది ఎక్కడుందో తెలియదు.

అక్కడ నాన్న కూర్చోవాలి. నాన్న పేరు సామ్యేలు. దివిసీమలో, నాగాయలంక అవతల ఒక ఊళ్ళో, కామందు గారింట్లో పాలేరుగా ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి. చిన్నప్పుడు రెబెకా నాన్నకి క్యారేజీ తీసుకుని వెళ్ళి ఆ ఇంటి పెరట్లో నిలబడేది. అక్కణ్ణించి అరుగు మీద పెద్ద పడక కుర్చీ కనిపించేది. టేకు చెక్క, పేము అల్లిక, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ముందుకు పొడుగ్గా సాగిన చేతులు. దానికి నూనె రాసి మెరిసేలా తుడిచేది నాన్నే. కామందు గారు అందులో వాలితే, పక్కనే చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడేదీ నాన్నే. తుడవడానికి అరుగెక్కడం వేరు, కూర్చోవడానికి ఎక్కడం వేరు. ఆ తేడా రెబెకాకి ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకుంది. తెలుసుకున్న రోజు నించీ ఆ మంట కడుపులో అలాగే ఉంది.

మొన్న చుట్టాల పెళ్ళికని గుడివాడ వెళ్ళినప్పుడు, దారిలో పాత కలప సామాను కొట్టు చూసి బస్సు సంగతే మర్చిపోయింది. పాత గుమ్మాలు, స్తంభాలు దాటి లోపలికి వెళ్తే ఒక మూల పడక కుర్చీ. కుడి చేతి మీద నల్లగా, చుట్ట కాలిన మచ్చ. ఆ మచ్చ ఎలా పోగొట్టాలో తెలియక నాన్న ఎన్ని తంటాలు పడ్డాడో ఆవిడకి గుర్తే.

"దివిసీమ సరుకండీ. పాతిల్లు పడగొట్టేశారు," అన్నాడు కొట్టు యజమాని శ్రీహరి. "మీ వాళ్ళదేనా అండీ?"

"మా నాన్నే చూసుకునేవాడండీ దీన్ని," అంది రెబెకా.

ఇంటికొచ్చి చెప్తే హనోకు తల పట్టుకున్నాడు. "అంత పొడుగు కుర్చీ హాల్లో వేస్తే మనం ఎటు నడవాలి?"

"టీవీ బల్ల తీసేద్దాం. టీవీ గోడకి తగిలిద్దాం."

"జాగా గురించి కాదు రెబెకా. అది అరుగులున్న ఇంటి సామాను. మనింటికి నప్పదు."

"ఇకనించి మనింటిదే. నప్పుతుంది."

"తాతయ్యకి చెప్పావా అమ్మా?" అంది నిస్సీ.

"చెప్తే వద్దంటాడు. ఎదురుగా ఉంటే కూర్చుంటాడు."

ఆవిడ కోరిక అంతే. ఊళ్ళో వాళ్ళూ, చర్చి సంఘం వాళ్ళూ, అందరూ చూస్తుండగా నాన్న ఒక్కసారి ఆ కుర్చీలో వెనక్కి వాలాలి. దానికోసం కూడిక రోజు దాకా ఆయన్ని కొత్తింటి వైపు రానివ్వలేదు. పాలిషు వాసన ఇంకా పోలేదని ఒకసారి, మెట్లు జారుతున్నాయని ఒకసారి ఏదో వంక చెప్పి తాము ఉంటున్న అద్దింట్లోనే ఆపింది.

ఆ శనివారం సాయంత్రం హాలు నిండా చాపలు పరిచారు. కిటికీ పక్కన కుర్చీ వేసి, నాన్న వీపుకి పేము గుచ్చుకోకుండా దాని మీద కొత్త తువ్వాలు పరిచింది రెబెకా. గుమ్మం దగ్గర పాస్టరు గారికి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. దివిసీమ నించి చుట్టాలు వచ్చారు. సామ్యేలు తెల్ల పంచె కట్టుకుని మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. కుర్చీని చూసి ఆగాడు. దగ్గరికి వెళ్ళి మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. వెళ్ళి చాప మీద, ఒక పక్కగా కూర్చున్నాడు.

ఇంతలో వంటగదిలోంచి ఎవరో పిలిచారు. మజ్జిగ గ్లాసులు చాల్లేదట. ఒక్క నిమిషంలో వచ్చి నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెడదాం అనుకుంది. గ్లాసులు ఇచ్చి వచ్చేసరికి కుర్చీలో పాస్టరు జాన్సన్ గారు ఉన్నారు.

"ఎంత మంచి కుర్చీ వేశావు రెబెకమ్మా," అన్నారాయన సంతోషంగా.

తప్పు ఆయనది కాదు. కూడికలో అందరూ చాపల మీదే, కుర్చీ పాస్టరు అయ్యగారికే. అందులోనూ కొత్త తువ్వాలు పరిచిన కుర్చీ ఎవరిదో సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ కూడికల్లో పెరిగిన మనిషి, ఎన్నోసార్లు తన చేత్తో అలా తువ్వాలు పరిచిన మనిషి, రెబెకాయే ఆ సంగతి మరిచిపోయింది. లేవండి అని అయ్యగారితో ఎలా అంటుంది? ఆ ప్లాస్టిక్ కుర్చీలో అప్పటికే ఎవరిదో సంచి ఉంది.

పాట ఎత్తుకున్నారు. రెబెకా నోరు కదులుతోంది గానీ మనసు అక్కడ లేదు. చాప మీద అటు జరిగింది, ఇటు జరిగింది, లేచి కిటికీ తెరిచింది, మళ్ళీ మూసింది. హనోకు కళ్ళతోనే కూర్చోమన్నాడు. అక్కడ జాన్సన్ గారి అవస్థ వేరుగా ఉంది. భారీ మనిషి, ఆ కుర్చీ ఏమో మనిషిని వెనక్కి లాక్కునే రకం. వాక్యం చెప్తూ చెప్తూ ఆయన మెల్లగా జారిపోయారు. బైబిలు పొట్ట మీదకి చేరింది, ఉపదేశం పైకప్పుకి చెప్తున్నట్టయింది. నిస్సీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర ఆశీర్వాదానికి అందరూ లేచి నిలబడ్డారు. జాన్సన్ గారు లేవబోయారు, లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, చెయ్యి పట్టి లాగితే ఏం బాగుంటుందని.

అప్పుడు సామ్యేలు కదిలాడు. వెళ్ళి కుర్చీకి కుడి పక్కన నిలబడ్డాడు. ఒక చెయ్యి పాస్టరు గారి మోచేతి కింద, ఒక చెయ్యి వీపు వెనక పెట్టాడు. "లెగండయ్యా," అన్నాడు మెల్లగా. అంత మనిషీ ఇట్టే లేచి నిలబడ్డారు. సామ్యేలు వెంటనే అర అడుగు వెనక్కి తగ్గి, చేతులు కట్టుకుని, తల వంచుకుని కుర్చీ పక్కనే నిలబడిపోయాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. రెబెకా మూసుకోలేదు. చిన్నప్పుడు పెరట్లోంచి చూసిన బొమ్మ అది. అదే కుర్చీ, అదే పక్క, అదే వంచిన తల. ఇప్పుడు తన సొంతింట్లో, తను కొని తెచ్చి మరీ. ఆవిడ ఆమెన్ అనడం కూడా మరిచిపోయింది.

భోజనాలయ్యాక చుట్టాలంతా బస్సు వేళకి వెళ్ళిపోయారు. సామ్యేలు ప్లాస్టిక్ కుర్చీ వసారాలోకి తెచ్చుకుని, కాళ్ళు కింద ఆనించి హాయిగా కూర్చున్నాడు. రెబెకా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నీకోసమే తెచ్చాను నాన్నా. వాళ్ళందరి ముందు నువ్వు కూర్చుంటావని. ఇప్పుడైనా ఒక్కసారి కూర్చో."

"తెలుసమ్మా. మచ్చ చూడగానే తెలిసింది."

"మరి? భయమా ఇంకా?"

"భయం ఎందుకు? కామందు గారు పోయి ఎన్నేళ్ళయింది. అందులో కూర్చున్నవాడు తనంతట తాను లేవలేడమ్మా. ఎప్పుడూ పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి. ఆయన పక్కన నేను నిలబడ్డాను. నా పక్కన నువ్వు ఎవర్ని నిలబెడతావు?"

రెబెకా లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కన కుర్చీని, నలిగిన తువ్వాలుని చూసింది. ఆ కుర్చీని దాటుకుంటూ వెళ్ళి, వంటగదిలోంచి ఇంకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని నాన్న పక్కన వేసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ కాసేపు కూర్చోవడం అదే మొదలు.