‘ఇన్ ల్యూ ఆఫ్’ తెచ్చిన ట్రాన్స్‌ఫార్మర్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని మా ఊళ్ళో అందరికీ నమ్మకం ఉండేది, నాతో సహా. మరీ పాతకాలం మాటేమీ కాదు. చేతిలో ఫోనూ, ఫోన్లో నెట్టూ, నెట్లో నిఘంటువూ ఉన్న రోజులే. ఏ మాటకైనా అర్థం చూసుకోవడానికి అర నిమిషం చాలు. కానీ తెలియని మాటకైతే వెతుకుతాం గానీ తెలుసనుకున్న మాటకి ఎవరు వెతుకుతారు? నేను అలా తెలుసనుకున్న వాటిలో మొదటిది ‘ఇన్ ల్యూ ఆఫ్’. దాన్ని నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాను. మా గదిలో ఉండే సీనియర్ అక్క సెలవు చీటీలు రాయడంలో దిట్ట. జ్వరమొచ్చినా, పెళ్ళొచ్చినా, ఊరికే ఇంటి మీద బెంగొచ్చినా ఆమె చీటీ ‘ఇన్ ల్యూ ఆఫ్’తోనే మొదలయ్యేది, వార్డెన్ సంతకం పెట్టేసేది (చదివి పెట్టేదో, చదవకుండా పెట్టేదో మేమెప్పుడూ ఆరా తీయలేదు). దాంతో ‘దృష్ట్యా’ అనడానికి ఇంగ్లీషు ఇదేనని తేల్చేసుకున్నాను. ‘జ్వరం దృష్ట్యా’, ‘పెళ్ళి దృష్ట్యా’ అన్నమాట. మూడేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. మా బ్యాచి వీడ్కోలు సభ ఆహ్వానంలో కూడా అదే పెట్టాను.

అసలు నేను డిగ్రీ చదివానంటే అది పెదనాన్న చలవే. ఇంటరుతో చాల్లే అని నాన్న అంటే, “చదవనీరా. రేపు మనకో కాయితం రాసిపెట్టడానికన్నా పనికొస్తది” అని అడ్డుపడ్డాడు పెదనాన్న. డిగ్రీ అయ్యాక నేను ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చున్న ఏడాది, ఆ కాయితం రానే వచ్చింది. మా ఊరు మాచవరం అవతల. మా మిరప చేలకి కరెంటు ఇచ్చేది ఒక ఇరవై ఐదు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని కింద మోటార్లు ఏటేటా పెరిగాయి గానీ అది మాత్రం పెరగలేదు. ఆ పంటకాలంలో మూడోసారి కాలిపోయింది. కాలినప్పుడల్లా అంతదే ఇంకోటి తెచ్చి పెట్టడం, పది రోజులకి అదీ కాలడం. మిరప నిండా పూత మీద ఉంది. నాలుగు రోజులుగా చుక్క నీరు లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే పూతంతా నేలపాలే, ఆ ఏటి పంట మాట మర్చిపోవాల్సిందే.

లైన్‌మన్ వచ్చి చూసి (ఆయన మాకు చుట్టమేమీ కాదు గానీ నేను మామ అనేదాన్ని) తల అడ్డంగా ఊపాడు. “అరవై మూడు కేవీఏది అడగండి పెద్దాయనా. కాయితం పైకి పోవాల, ఇంగ్లీషులో శుభ్రంగా రాయించండి. కొత్తగా వచ్చిన ఏఈ గారికి ఇంగ్లీషంటే చానా పట్టింపు. తప్పు కనపడిందా, ఎర్ర పెన్ను తీసి సున్నా చుట్టి మళ్ళీ రాసుకు రమ్మంటాడు” అన్నాడు. పెదనాన్న అందరి మధ్యా నావైపు చూశాడు. ఆ చూపులో మూడేళ్ళ డిగ్రీ మొత్తం ఉంది.

మోటారు షెడ్డు దగ్గర పురుగుమందు డబ్బా బోర్లేసి, దానిమీద అట్ట పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. చుట్టూ అరడజను మంది రైతులు. “పూత రాలిపోతందని రాయవే”, “ఆకు ముడుచుకుపోయిందని రాయి”, “మూడు తూర్లు కాలిందని గట్టిగా రాయమ్మాయ్” అని తలా ఒక మాట అందిస్తున్నారు. (ఇంగ్లీషులో గట్టిగా ఎలా రాస్తారో నాకు తెలియదు. ఆ వాక్యం కింద గీత గీశాను.) ఇక నా అస్త్రం తీశాను. ‘ఇన్ ల్యూ ఆఫ్ ది బర్న్‌ట్ ట్వంటీఫైవ్ కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ప్లీజ్ శాంక్షన్ ఎ సిక్స్‌టీత్రీ కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్’. రాసింది పైకి చదివి వినిపించాను. పెదనాన్న మొహం వెలిగిపోయింది.

“ఆ ఇన్‌ల్యూ అంటే ఏందే?” అన్నాడు.

“దృష్ట్యా అని, పెదనాన్నా.”

“దృష్ట్యా అంటే?”

నాకు ఒళ్ళు మండింది. “కాలిపోయింది కాబట్టి అని!” అన్నాను. ఆయన వేలిముద్రలూ సంతకాలూ పెట్టించే పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద పెదనాన్నా నేనూ కరెంటాఫీసుకి వెళ్ళాం. ఏఈ గారు సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, మాట తక్కువ మనిషిలా ఉన్నారు. కాయితం అందుకుని చదవడం మొదలుపెట్టారు. రెండో వాక్యం దగ్గర ఆగారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. నా పరువు పోతే పోయింది, కాయితం వెనక్కొస్తే మళ్ళీ రాసి, మళ్ళీ సంతకాలు పెట్టించి, మళ్ళీ రావాలి. ఈలోగా చేలో ఏం మిగులుతుంది? ఆయన నేను రాసిన ‘ఇన్ ల్యూ ఆఫ్’ పక్కన పెన్ను ఆనించి, సున్నా చుట్టకుండా, ఒక టిక్కు పెట్టారు.

“ఇదెవరు రాశారు?”

“మా అమ్మాయే సార్” అన్నాడు పెదనాన్న.

“సర్వీసులో చేరినప్పట్నుంచీ చూస్తున్నానమ్మా. ఈ మాట వాడని అర్జీ ఉండదు, సరిగ్గా వాడిన అర్జీ ఇప్పటిదాకా కనపడలేదు. దీనికి అర్థం తెలిసే రాశావా? ఏదీ, చెప్పు” అన్నారు, పరీక్ష పెట్టే మాస్టారిలాగా.

నేను నోరు తెరిచాను. ‘దృష్ట్యా’ నాలుక చివర్న సిద్ధంగా ఉంది. కానీ తెలిసే రాశావా అన్న ఆ అడగడంలో ఏదో తేడా కొట్టి, మాట బయటికి రాలేదు. ఇంతలో పెదనాన్న ముందుకు జరిగి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. “దాందేముంది సార్, నేను చెప్తా. ఇరవై ఐదుది పోయింది. దాని బదులు అరవై మూడుది ఇయ్యమని. అంతేగా!” అన్నాడు.

“కరెక్ట్!” అన్నారు ఏఈ గారు, కళ్ళజోడు పైకి తోసుకుని. “బదులుగా. చూశావా, పెద్దాయన ఎంత చక్కగా చెప్పాడో.” కాయితం కింద ఏదో రాసి, ఆ రోజే పైకి పంపమని గుమాస్తాకిచ్చారు. నేను ముందునుంచీ తెలిసినదానిలా తల ఊపాను.

తిరుగుదారిలో బండి వెనక కూర్చుని ఫోన్లో నిఘంటువు తెరిచాను. బదులుగా. ఇంకో నిఘంటువు తెరిచాను. అక్కడా బదులుగానే. హాస్టల్లో రాసిన చీటీలన్నీ కళ్ళముందు తిరిగాయి. మా అక్క పెళ్ళికి బదులుగా నాకు రెండు రోజుల సెలవు అడిగాను. నానమ్మ చావుకి బదులుగా మూడు రోజులు తీసుకున్నాను. వీడ్కోలు సభ ఆహ్వానంలోనైతే, వీడ్కోలుకి బదులుగా అందరూ వచ్చి విందు ఆరగించాలని ప్రిన్సిపాల్ గారిని సైతం పిలిచాను (ఆయన వచ్చి ఆరగించారు కూడా).

నాలుగో రోజుకి అరవై మూడుది ట్రాక్టరు మీద వచ్చి దిమ్మె మీదికెక్కింది. మోటార్లన్నీ ఒక్కసారిగా మోగాయి, పూత నిలబడింది. ఆ తర్వాతే నా కష్టాలు మొదలయ్యాయి. ఊళ్ళో ఎవరు ఏ అర్జీ రాయించుకున్నా “ఆ ఇన్‌ల్యూ పెట్టమ్మాయ్, అది పెడితేనే పనవుద్ది” అనేవాళ్ళు. రేషన్ కార్డులో పేరు చేర్పించడానికీ అదే, బడి నుంచి టీసీ అడగడానికీ అదే. వద్దంటే నేనేదో దాచుకుంటున్నానని మొహం ముడుచుకునేవాళ్ళు. చివరికి ప్రతి అర్జీలోనూ పాత ఫోటోకి బదులుగా కొత్త ఫోటో జతచేశామనో, అసలుకి బదులుగా నకలు ఇస్తున్నామనో ఒక వాక్యం ఇరికించడం అలవాటు చేసుకున్నాను. అలా నాకు ఆ మాట నిజంగా వచ్చేసింది.

మరుసటేడు సత్తెనపల్లిలో ఉద్యోగం దొరికింది. ఉత్తరాలు రాసే పనే. బయల్దేరేముందు పెదనాన్నకి చెప్పేయాలనిపించి, ఆయన కళ్ళంలో కాయలు తిరగేస్తుంటే పక్కన నిలబడి మొత్తం ఒప్పేసుకున్నాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

“తెలుసులేవే” అన్నాడు.

“ఏం తెలుసు?”

“అర్థం తెలుసని కాదు, నీకు తెలవదని తెలుసు. ఆయన అడగంగానే నువ్వు నీళ్ళు నమిలావుగా. ఇక నేను మాట్లాడకపోతే ఎట్టా? మనకేం కావాలో అది చెప్పా. అదే అర్థమని నాకేం తెలుసు?”

ఇప్పటికీ ఆఫీసులో ఉత్తరాలు దిద్దుతుంటే వారానికోసారన్నా ‘ఇన్ ల్యూ ఆఫ్’ తగులుతుంది, సాధారణంగా తప్పుగానే. నా చేతిలోనూ ఎర్ర పెన్నే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లల్ని పిలిచి అర్థం చెప్పమని అడుగుదామనుకుంటాను. కానీ వాళ్ళు ఒంటరిగా వచ్చి బల్ల ముందు నిలబడతారు, వాళ్ళ వెనక పెదనాన్నలెవరూ ఉండరు. అందుకని నేనే చెప్పేస్తాను. ‘బదులుగా’ అనమ్మా, అంటాను. ఒకరు నీళ్ళు నములుతుంటే వాళ్ళ బదులు ఇంకొకరు మాట్లాడతారు చూడు, అలాగన్నమాట.