ఇరవై గ్రాముల ఉపవాసం

డైటింగ్ చేసి సన్నబడ్డవాళ్లను మీరు చూసే ఉంటారు. డైటింగ్ చేసి, గుమ్మం బయట నిలబడ్డ షుగర్‌ని చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చి, పీట వేసి, వడ్డించినవాణ్ణి చూడాలంటే మాత్రం ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ రావాలి. మా ఊళ్లో అడుగడుక్కీ రౌండబౌట్లు. వాటిలో ఏదో ఒకదాని చుట్టూ కారులో తిరుగుతూ, ఏ దారిన పోవాలో తేల్చుకోలేక కంగారుపడుతున్న గుండ్రటి మనిషి కనిపిస్తే ఆగండి. నేనే.

ఇది జరిగేనాటికి నాకు నలభై నిండాయి. ఓ ఇన్సూరెన్సు ఆఫీసులో కంప్యూటర్ల ముందు ఉద్యోగం. రోజు మొత్తంలో నేను నడిచే నడకల్లా కారు డోరు నుంచి లిఫ్టు దాకా. నలభై దాటినవాళ్లందరికీ చేసే పరీక్షే కదా అని మా సర్జరీకి, అంటే డాక్టరుగారి క్లినిక్కుకి, వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా నర్సు పిలిచింది. హెలెన్ ఆవిడ పేరు. ఎప్పుడూ నవ్వు మొహం. డాక్టర్ల దగ్గర నవ్వు మొహాలంటే నాకు మొదట్నుంచీ భయం.

"షుగర్ సరిహద్దులో ఉన్నారు మిస్టర్ ప్రసాద్. ఇంకా రాలేదు. కార్బోహైడ్రేట్లు బాగా తగ్గించండి, మూడు నెలలయ్యాక మళ్లీ చూద్దాం. కంగారు పడకండి" అంది.

కంగారు పడొద్దని ఎవరైనా అన్నారంటే నేను అంతకుముందు పడుతున్నదానికి రెట్టింపు పడతాను. ఈసారి దానికో కారణం కూడా ఉంది. మా నాన్నగారికి షుగర్. చివరి రోజుల్లో ఆయన మమ్మల్ని గొంతుబట్టి గుర్తుపట్టేవారు. నేను గుమ్మంలో ఊరికే నిలబడితే "ఎవరది?" అనేవారు. మా అమ్మాయి అనన్యకి ఈ పరీక్షనాటికి ఏడేళ్లు, ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి. ఆ బోసినవ్వు నాకు కనిపించకుండా పోయే రోజొకటి వస్తుందేమోనని సర్జరీ కార్‌పార్కులోనే కారెక్కకుండా నిలబడిపోయాను.

సరే, తగ్గించాలి. ఎంతకి తగ్గించాలి? హెలెన్ "బాగా" అంది. బాగా అంటే ఎన్ని గ్రాములు? అడగాల్సిన ఆ ఒక్క ముక్కా అడక్కుండా వచ్చేశాను.

మొదట రఘుకి ఫోన్ చేశాను. కాకినాడలో నాతోపాటు చదువుకున్నవాడు, కోవెంట్రీలో డాక్టరు. వాడి డ్యూటీ రోటా ఎప్పుడు ఏమిటో వాడికే తెలియదు కాబట్టి దొరికినప్పుడే అడిగెయ్యాలి.

"రోజుకి నూటముప్ఫై గ్రాముల లోపు ఉంచరా, చాలు" అన్నాడు.

"చాలంటావా?"

"చాలు."

"నిజంగా చాలంటావా?"

"ఒరే, వార్డులో ఉన్నాను" అని పెట్టేశాడు.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు డేవ్‌ని అడిగాను. వాడు ఆ ఏడాదే బాగా చిక్కి, ప్యాంటు కిందికి జారకుండా ఒక చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. "యాభై" అన్నాడు. సాయంత్రం ఇంటర్నెట్‌లో వెతికితే కండలు తిరిగిన అమెరికావాడొకడు ఇరవై అని బల్ల గుద్దాడు. మార్కుల కోసం పుట్టి మార్కుల కోసం పెరిగినవాళ్లం మనం. పరీక్షలో ఏది కష్టమైతే అదే మంచిదన్నది మన రక్తంలోనే ఉంది. పైగా భయం. నూటముప్ఫై అంటే రఘు మొహమాటానికి చెప్పాడేమో, యాభై అంటే డేవ్ ఒంటికి సరిపోయిందేమో! ఇరవై ఖాయం చేసుకున్నాను.

తీరా చూస్తే ఇరవై గ్రాముల్లో ఏమీ పట్టదు. ఒక ఆపిల్ తింటే చాలు, మధ్యాహ్నానికి ఖజానా ఖాళీ. గరిటెడు అన్నం తిన్నా సరిహద్దు దాటేస్తాను. నేను డిజిటల్ తూకం ముందు కూర్చుని అన్నం మెతుకులు తీస్తూ వేస్తూ ఉంటే మా ఆవిడ సుధ కాసేపు చూసింది.

"ఏవండీ, పెళ్లిలో తలంబ్రాలు కూడా ఇంతసేపు పట్టుకోలేదు మీరు. తింటే తినండి, లేకపోతే పూర్తిగా మానెయ్యండి."

మాట సబబే అనిపించింది. అన్నం మానేశాను. ఆ క్షణంలో రంగంలోకి దిగింది మా అమ్మ.

ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉంది అమ్మ. నాకు షుగర్ సరిహద్దని విన్నప్పటి నుంచీ ఆవిడ మొహంలో రంగు లేదు. అన్నం మానేశానని చెప్పగానే మాత్రం ఒక్కసారిగా ఓపిక వచ్చింది.

"మంచి పని చేశావురా నాన్నా. అన్నం ముట్టకు. శనివారాలు నేను ఉపవాసం ఉండటంలా? రోజూ శనివారమే అనుకో. నీకేం లోటు రానివ్వను."

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తక్కినవాళ్లకి చెబుతాను. మా ఇళ్లల్లో ఉపవాసమంటే అన్నం తినకపోవడం. అంతే. కడుపు ఖాళీగా ఉంచుకోవాలని ఎవరూ అనరు. ఉపవాసం ఉన్నవాళ్లకి ఉప్పిండి చేస్తారు. ఇత్తడి గిన్నెలో పోపు పెట్టి, పెసరపప్పు వేసి, ఎసరు మరిగాక రవ్వ పోసి, సన్నని సెగన మగ్గిస్తారు. అడుగున ఎర్రగా కట్టిన మాడు కోసం ఇంటిల్లిపాదీ కొట్టుకుంటారు. ఉప్పిండి అన్నం కాదు, ఫలహారం. దేవుడికే అభ్యంతరం లేదు.

ఆ రాత్రి నా కంచంలో ఉప్పిండి పడింది. పక్కన ఆవకాయ, పైన నెయ్యి.

ఇక్కడ నా జాగ్రత్త గురించి మీకు చెప్పి తీరాలి. కూరగాయలు పడాలని సుధ ఉప్పిండిలో క్యారెట్ ముక్కలు, బఠాణీలు వేయించింది. క్యారెట్‌లో కార్బోహైడ్రేట్లుంటాయని నేను చదివి ఉన్నాను. ఒక్కొక్క ముక్కా వేలితో ఏరి, కంచం అంచున పెట్టి, తూకం మీద వేసి, "అమ్మయ్య, తప్పించుకున్నాను" అనుకుని మిగతా కొండంతా తినేశాను.

"వై ఆర్ యూ టేకింగ్ అవుట్ ది క్యారెట్స్, డాడీ?" అని అనన్య అడిగింది.

"అవి డాడీకి మంచివి కాదమ్మా" అన్నాను గంభీరంగా.

"కెన్ ఐ నాట్ ఈట్ దెమ్ ఐదర్?"

ఇలా నాతోపాటు దాన్ని కూడా చెడగొట్టాను.

మర్నాడు పొద్దున్న అటుకుల పులిహోర. సాయంత్రం దిబ్బరొట్టె. దాంట్లోకి అమ్మ బెల్లం పానకం తెస్తే "వద్దమ్మా, వద్దు!" అని ఎంత నిగ్రహంగా తోసేశానో! ఆ నిగ్రహానికి మెచ్చి అమ్మ ఇంకో ముక్క రొట్టె వేసింది. అన్నం లేదు కదా పాపం అని ఇడ్లీలు మామూలుకంటే రెండు ఎక్కువే పెట్టేది. నేను కూడా, అన్నం లేదు కదా పాపం అని, వద్దనేవాణ్ణి కాను.

నా భయం మాత్రం అలాగే ఉంది. టీలో పాలు ఎన్ని చుక్కలు పోయాలి? దగ్గు మందులో తీపి లెక్కలోకి వస్తుందా? ఉల్లిపాయ తరిగిన కత్తితోనే టమాటా తరిగితే? ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని కేకు పంచితే టాయిలెట్‌లోకి వెళ్లి దాక్కున్నాను. తిరిగొచ్చేసరికి నా వాటా కేకు నా కీబోర్డు మీదే ఉంది. కళ్లు మూసుకుని డేవ్‌కి ఇచ్చేశాను. కళ్లు మూసుకోగానే మళ్లీ నాన్నగారు గుర్తొచ్చారు.

నెల దాటేసరికి ప్యాంటు బిగుతైంది. భయమేసి రఘుకి మళ్లీ ఫోన్ చేశాను.

"బరువు పెరుగుతున్నానురా."

"అన్నం తింటున్నావా?"

"ముట్టుకుంటే ఒట్టు."

"రాత్రిళ్లు ఏంటి మరి?"

"టిఫినే."

"వెరీ గుడ్. అదే కంటిన్యూ చెయ్. ఒంట్లో నీరు చేరి ఉంటుందిలే."

డాక్టరే అన్నాక ఇక తిరుగేముంది? నీళ్లు తాగడం తగ్గించాను.

మూడు నెలలూ గడిచాయి. పరీక్షకి రక్తమిచ్చిన దగ్గర్నుంచి ఫలితం వచ్చేదాకా నాకు నిద్ర లేదు. అమ్మ ఏ దేవుడికి ఏం మొక్కుకుందో తెలియదు కానీ, నాతోపాటు తానూ అన్నం మానేసింది. సర్జరీకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, నా చొక్కా కాలరు సవరిస్తూ "ఏం కాదు. మీ నాన్నగారిలా అవనివ్వను నేను" అంది. తలూపి కారెక్కాను.

హెలెన్ మొహంలో ఈసారి నవ్వు లేదు. అప్పుడర్థమైంది, ఆ నవ్వే నయమని.

"పెరిగింది మిస్టర్ ప్రసాద్. సరిహద్దు దాటేశారు."

పై ప్రాణాలు పైనే పోయాయి. "అలా కుదరదు! నేను రోజుకి ఇరవై గ్రాములే తింటున్నాను!" అన్నాను. అరిచాననే చెప్పాలి.

"ఇరవయ్యా? అంత తక్కువ నేను చెప్పలేదే. సరే, రాత్రి ఏం తిన్నారు?"

"ఉప్పిండి."

"అంటే?"

"అదొక... ఉపవాసాల్లో తినే ఫలహారం. అన్నం మానేసినవాళ్లు తింటారు."

"చాలా బావుంది. దేంతో చేస్తారు?"

"రవ్వతో."

"రవ్వంటే?"

"గింజల్ని మరలో వేసి విరగ్గొడతారు. సన్నగా."

"ఏ గింజల్ని?"

నోరు తెరిచాను. నలభై ఏళ్లుగా తింటున్న ఉప్పిండి, పుట్టి బుద్ధెరిగి నేను ఎవరికీ వివరించాల్సిన అవసరం రాని ఉప్పిండి, నా నాలుక చివర వచ్చి నిలబడింది. చెప్పక తప్పింది కాదు.

"బియ్యం" అన్నాను.

హెలెన్ రాసుకోవడం ఆపింది.

"మరి పొద్దున్న?" అంది హెలెన్, ఎంతో మృదువుగా.

"అటుకులు" అని, ఆవిడ అడక్కముందే నేనే చెప్పేశాను. "బియ్యమే. దంచి పల్చగా చేస్తారు."

"మధ్యలో?"

"ఇడ్లీ. దిబ్బరొట్టె." తల దించుకున్నాను. "బియ్యపు రవ్వే. మినప్పప్పు కూడా ఉంటుంది" అని చివర్లో చేర్చాను, దొంగ తనకి చెల్లెలి పెళ్లి ఉందని చెప్పుకున్నట్టు.

హెలెన్ నా భుజం తట్టింది. "నంబరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్లేట్లో ఏముందో చూడండి. సగం కూరగాయలుండాలి. క్యారెట్లు తింటారా?"

ఆవిడకి ఏమని చెప్పను?

కార్‌పార్కు నుంచే రఘుకి ఫోన్ చేశాను. బూతులు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఒరే, టిఫిన్ అంటే వెరీ గుడ్ అన్నావు కదరా! ఉప్పిండి దేంతో చేస్తారో తెలుసా?"

"ఉప్పిండా? రవ్వ..." అని ఆగిపోయాడు.

"రఘూ?"

"పేషెంట్లకైతే ఇంగ్లీషులో చెప్తాను కదరా, 'రైస్, బ్రెడ్, పొటాటో' అని అన్నీ అడుగుతాను. నువ్వేమో తెలుగులో టిఫినన్నావు." గొంతు తగ్గించి అన్నాడు. "నేను కూడా రెండేళ్ల నుంచి రాత్రిళ్లు అన్నం మానేశాన్రా. మా ఆవిడ లక్ష్మి రోజూ ఉప్పిండే చేస్తోంది."

తిట్లన్నీ మింగేసి ఇంటికి బయల్దేరాను. ఒక రౌండబౌట్ చుట్టూ మూడుసార్లు తిరిగాను. అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు.

చెప్పాను. సోఫా అంచున కూర్చుని అంతా విన్నది. కాసేపు తన చేతుల వైపే చూసుకుంది.

"మీ నాన్నగారికీ షుగరని తెలిసిన రోజునే రాత్రి అన్నం మాన్పించేశానురా. అన్నేళ్లూ ఉప్పిండే పెట్టాను. వేడివేడిగా, ఎదురుగా కూర్చుని." కొంగు చేతిలోకి తీసుకుంది. "నేనే పెట్టాను."

నవ్వులాట అంతా ఎటో పోయింది. అమ్మ పక్కన కూర్చుని, చిన్నప్పటి నుంచీ దాచుకున్న ముక్క బయటపెట్టాను. "ఉప్పిండి ఒక్కటే కాదమ్మా. నాన్నగారు రోజూ సాయంత్రం వాకింగని వెళ్లేది నడవడానికి కాదు. వీధి చివర మిఠాయి కొట్టుకి. నాకో జిలేబీ కొనిపెట్టి చెప్పొద్దనేవారు."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తెలుసులే. చొక్కా జేబుకి పాకం అంటుకుంటే ఉతికిందెవరనుకున్నావు?" అంది. ఏడుపులోంచే నవ్వు వచ్చింది ఆవిడకి. నాకూ వచ్చింది. అనన్య మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, తనూ బోసిగా నవ్వింది. ఆ నవ్వు నాకు స్పష్టంగా, చిగుళ్లు కూడా కనిపించేంత స్పష్టంగా కనిపించింది.

ఆ తర్వాత మందు బిళ్లలు మొదలయ్యాయి. నడక మొదలైంది. అన్నం గుప్పెడు తిరిగి వచ్చింది, కంచంలో మిగతాదంతా కూరలు, క్యారెట్లతో సహా. బెత్తెడు దూరంలో ఉన్న సరిహద్దు ఇవతలికి మళ్లీ రావడానికి నాకు ఏడాది పట్టింది.

అదంతా తర్వాతి సంగతి. అమ్మకి చెప్పిన ఆ రోజు సాయంత్రమే పూజ గదిలో, అంటే మా వంటింటి అలమారలో పై అర ముందు, నిండు మనసుతో నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ పదార్థాన్నయినా నోట్లో పెట్టుకునే ముందు, అది ఏమిటో, ఏ గింజతో చేశారో, మనసులో హెలెన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పూర్తిగా ఇంగ్లీషులో వివరిస్తాను. వివరించలేకపోతే ముట్టను. ఇది నా తండ్రి మీద ఒట్టు, ఆయన జిలేబీ మీద ఒట్టు.

దణ్ణం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి పక్కన అమ్మ నిలబడి ఉంది, చేతిలో పొగలు కక్కుతున్న ప్లేటుతో.

"భయపడకురా నాన్నా. ఇందులో ఒక్క బియ్యపు గింజ కూడా లేదు. బొంబాయి రవ్వ."